పాదం ముట్టేదెవరు?

మా పెద్దమ్మ కుడికాలికి రెండు వేళ్లు లేవు. చీనీ తోటలో పాదులు తీసేటప్పుడు సీమతుమ్మ ముల్లు దిగింది. ఆమెకు తెలవలేదు. ముల్లు కాల్లోనే పెట్టుకుని నాలుగు రోజులు కూలికి పోయింది. ఐదోరోజు చెప్పులో చీము చూసి నాకు ఫోను చేయించింది. కడపకు తీసుకుపోయేసరికి నల్లబడింది. రెండు వేళ్లు తీసేసినారు.

"ముందే ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?" అంటే, "నొప్పే ల్యాకుంటే ఏమని చెప్పేదిరా నాయనా?" అనింది.

నొప్పి లేకపోవడమే జబ్బు అని ఆమెకు అంతవరకూ చెప్పినవాళ్లు లేరు.

ముల్లు దిగడానికి నెల ముందు ఊరి క్లినిక్కులో ఆమె వివరాలన్నీ ట్యాబులోకి ఎక్కించినారు. ఆ ఊరి పేరు నేను రాయను. ఇడుపులపాయ కొండల కింద ఉండే పల్లెల్లో అదొకటి, అంతే. పేరు, వయసు, ఆధార్ నంబరు, పరగడుపు షుగరు, బీపీ, ఇచ్చిన మాత్రలు అన్నీ ఉన్నాయి. పాదాలు పరిశీలించారా అనే చోట "పరిశీలించాము" అని టిక్కు కూడా ఉంది. కాని ఆ రోజు పెద్దమ్మ కాలిని ఎవరూ చూడలేదు. చెప్పులు గూడా విప్పలేదు. క్లినిక్కు గడప బయట విప్పిందంట, అంతే.

ఇది ఆ నర్సమ్మ మీద ఫిర్యాదు అనుకోవద్దు. ఆ గడి నింపకపోతే తర్వాతి పేజీ రాదంట. బయట ఇరవైమంది కూచోనున్నారు. సాయంత్రానికి ఇన్ని పేర్లు ఎక్కలేదంటే పైనుంచి ఫోను వస్తుంది. నేను ఆమెను కోప్పడలేను. నేను సర్కారు బడి అయివారిని. మరుగుదొడ్డి ఫోటోలు, గుడ్ల లెక్కలు, హాజరు అన్నీ ఫోన్లో ఎక్కించినవాణ్ణే. పిల్లోడికి కూడికలు రాకపోయినా వచ్చినట్టు చూపించే టిక్కు ఎట్లా పడుతుందో నాకు బాగా తెలుసు.

అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. షుగరు జబ్బు చూసేదానికి ఇప్పుడు ఆన్‌లైన్ సాధనాలు వచ్చినాయి. ఏ పరీక్ష ఎప్పుడు చేయాల, ఏ మందు ఎంత ఇవ్వాల, ఎవరిని పెద్దాస్పత్రికి పంపాల అని తెరే చెబుతుంది. మంచిదే. అయితే అది ఎవరి వైపు తిరిగి మాట్లాడుతోంది? రోగి వైపా, పై అధికారి వైపా? మన వాడల్లో ఈ ప్రశ్న ఇంతవరకు లేవలేదు. లేవనెత్తాల్సింది మనమే.

వాడకు నేనే కంప్యూటరు

మా వాడలో మొదటి డిగ్రీ నాది. దానివల్ల నాకు వచ్చిన ఉద్యోగం ఒకటి బళ్లో, ఇంకోటి ఇంట్లో. ఇంట్లో ఉద్యోగానికి జీతం లేదు. ఆదివారమొస్తే మందు చీటీలన్నీ నా దగ్గరికే వస్తాయి. "అయివారా, ఇది పొద్దున వేసుకునేదా, మాపటికా?" "ఈ గోలీ, ఆ గోలీ ఒకటేనా?" ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగినందుకు నేను సగం డాక్టరునైనాను.

మా బావ ఒకాయన కథ చెబుతాను. ఆయనకు ఊరి క్లినిక్కులో షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. మెట్‌ఫార్మిన్ ఒకటి, గ్లిమెపిరైడ్ ఒకటి. తిమ్మిర్లు తగ్గడం లేదని టౌనులో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోయినాడు. ఆ డాక్టరు పాత మందులేవని అడగలేదు, ఈయన చెప్పలేదు. ఆయన రాసిన గోలీ వేరే రంగు, వేరే పేరు. నిజానికి దాంట్లో ఉండేది ఆ రెండు మందులే, కలిపి చేసినారు. బావ రెండు చోట్లవీ వేసుకున్నాడు. "రెండు చోట్ల చూపిచ్చుకుంటే తొందరగా తగ్గుతాది గదా" అన్నాడు. పొద్దున సంగటి సగమే తిని కూలికి పోయినాడు. పదకొండు గంటలకు చెమటలు, వణుకు, మాట తడబాటు. తాగినాడేమో అనుకున్నారు! మాదిగోడు తూలితే మొదట వచ్చే అనుమానం అదే గదా. స్పృహ పూర్తిగా పోలేదు కాబట్టి బతికినాడు. పక్కనున్న కూలామె తోట ఆసామి ఏమంటాడోనని చూడకుండా రెండు చీనీకాయలు కోసి రసం నోట్లో పిండింది.

రక్తంలో షుగరు 70 కన్నా కింద పడితే అది అప్పటికప్పుడు చూసుకోవాల్సిన ప్రమాదం. మింగగలిగే మనిషికి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాపి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ పరీక్ష చేయాల. స్పృహ తప్పినోళ్ల నోట్లో ఏమీ పోయకూడదు, ఆస్పత్రికి ఉరకాల. షుగరు మందు చేతిలో పెట్టే ప్రతిసారీ చెప్పాల్సిన మాట ఇది. బావకు రెండు చోట్లా చెప్పలేదు.

ఈ సంగతిలో తప్పు ఒక్క మందుది కాదు, ఒక్క డాక్టరుదీ కాదు. ఇద్దరు డాక్టర్ల మధ్య ఏ దారీ లేదు. ఆ దారి వేయడానికే గదా ఈ ఆన్‌లైన్ సాధనాలు! ఒక మనిషి పేరు కొడితే ఎక్కడ ఏ మందు ఇచ్చినారో కనిపించాల, ఒకే మందు రెండుసార్లు పడితే తెర ఎర్రబడాల. క్లినిక్కు ట్యాబుకు ప్రైవేటు చీటీ తెలవదు. ప్రైవేటు డాక్టరుకు క్లినిక్కు ట్యాబు తెలవదు. రెండూ తెలిసిన కంప్యూటరు ఆదివారం నా ఇంటి అరుగు. నేను బదిలీ అయిపోతే?

తెర ఎక్కడి నుంచి వచ్చింది?

మన నేలకు ఇది కొత్త కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 నంబరు వచ్చింది. ఫోను చేస్తే అవతల కూచున్నవాళ్లు కంప్యూటరు తెర మీద వచ్చే ప్రశ్నల వరుస ప్రకారం అడిగి, జవాబును బట్టి సలహా చెప్పేవాళ్లు. ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్న పద్ధతికి అది అప్పటి రూపమే. 2008 నుంచి అదే నంబరు మీద బండ్లు నెలకొకసారి, చెప్పిన తేదీన ఊళ్లకు వచ్చినాయి. షుగరు, బీపీ, మూర్ఛ ఉన్నోళ్లకు మందులిచ్చినాయి. మా అమ్మ ఆ తేదీని పండగ మాదిరి గుర్తుపెట్టుకునేది.

అదే 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి స్వయానా డాక్టరు, పులివెందుల మనిషి. ఆయన సమాధి ఇడుపులపాయలోనే ఉంది. ఆరోగ్యశ్రీ వల్ల మనోళ్లు చాలామంది బతికినారు, కాదనను. కాని ఆ పథకం చూపంతా ఆస్పత్రిలో పడుకోబెట్టి చేసే వైద్యం మీద, ఆపరేషన్ల మీద. షుగరు అట్లాంటి జబ్బు కాదు. అది ముప్పై ఏండ్ల కాపురం. రోజూ మాత్ర, రోజూ తిండి, మూడు నెలలకొక పరీక్ష, ఏడాదికొకసారి కన్ను, కాలు, కిడ్నీ చూసుకోవడం. తీసేసే కాలికి డబ్బులిచ్చే ఏర్పాటు తొందరగా వస్తుంది. కాలు నిలబెట్టే ఏర్పాటు ఆలస్యంగా వస్తుంది.

తర్వాత 2019 నవంబరులో ఈ-సంజీవని. ఊరి క్లినిక్కులో కూచున్న నర్సు వీడియోలో దూరాన ఉన్న డాక్టరుతో మాట్లాడిస్తుంది. దేశంలో మొదట దీన్ని మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టరు పథకం పేరుతో పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి రావాలని పెట్టినారు. ముప్పై ఏండ్లు దాటిన ప్రతి మనిషికీ షుగరు, బీపీ చూసి యాప్‌లో ఎక్కించాలనే పని ఆశా అక్కలకు, ఏఎన్‌ఎంలకు పడింది. ప్రభుత్వాలు మారినాయి, బోర్డుల మీద పేర్లు మారినాయి. ట్యాబు మాత్రం ఉంది. ఐసీఎంఆర్ గూడా 2019 నుంచి ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీలో చికిత్స పటాలు తయారుచేసి అందరికీ తెరిచి పెట్టింది. ఫోన్లో ఎవరైనా చూడొచ్చు. నేనూ చూశాను. అన్నీ ఇంగ్లీషే.

ఇంత హడావిడి ఎందుకంటారా? ఐసీఎంఆర్ 2023లో బయటపెట్టిన దేశవ్యాప్త సర్వే లెక్క ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు పది కోట్ల మందికి పైనే. ఇంకో పదమూడు కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారు. ఇది బలిసినోళ్ల జబ్బు, దొరల జబ్బు అని మన పెద్దోళ్లు అనుకునేవాళ్లు. ఇప్పుడు జొన్న సంగటి పోయి మూడు పూటలా కోటా బియ్యం తింటున్న కూలోళ్ల ఇండ్లలో అది కాపురం పెట్టింది.

మూడు పరీక్షలు చెప్పిన పాఠం

తెరతో జబ్బు అదుపులోకి వస్తుందా? ఊహలతో పని లేదు. పరీక్ష పెట్టి చూసినారు, ఫలితాలూ ఉన్నాయి. ఈ మూడూ మన ఉద్యమకారులు తెలుసుకోదగినవి.

మొదటిది మన పశ్చిమ గోదావరి జిల్లాలోనే జరిగింది. 18 పీహెచ్‌సీల కింద 54 ఊళ్లు. షుగరు ఒక్కదానికే కాదు, గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎవరికుందో తేల్చేదానికి ఆశా అక్కల చేతికి ట్యాబు ఇచ్చినారు. ఇంటింటికీ పోయి బీపీ చూసి, ప్రశ్నలు అడిగి ఎక్కిస్తే ముప్పు ఎంతో ట్యాబే లెక్కగట్టి చెబుతుంది. డాక్టరు తెర మీద ఏ మందు ఇవ్వాలో సూచన వస్తుంది. 62 వేలమందికి పైగా నమోదైనారు. అందులో ఎనిమిదిన్నర వేలమందికి పైగా ముప్పు ఎక్కువని తేలింది. 2019లో ఫలితం ప్రకటించినారు: బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పదో తరగతి చదివిన ఆశా అక్క తన పని తాను చేసింది. ముప్పు ఉన్నోళ్లను పట్టుకుంది. ఆ పైమెట్టు మీద ఉండాల్సింది డాక్టరు, మందు. కాగితం మీద దారి ఎంత బాగా గీసినా, దారి చివర తలుపు మూసుంటే ఏం లాభం?

రెండోది హర్యానా, కర్ణాటక రాష్ట్రాల్లో 40 సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో జరిగింది. కొన్నిచోట్ల నర్సుకు ట్యాబులో సలహా సాధనం ఇచ్చినారు. కొన్నిచోట్ల ట్యాబు లేదు, కాని నర్సుకూ డాక్టరుకూ శిక్షణ ఇచ్చినారు, గోడకు పటాలు తగిలించినారు. ఏడాది తర్వాత చూస్తే రెండు చోట్లా షుగరు, బీపీ తగ్గినాయి. ట్యాబు ఉన్నచోట ఎక్కువేమీ తగ్గలేదు. అంటే ఏంది? ఈ జబ్బుల కోసమే కూచునే శిక్షణ ఉన్న మనిషి ఒకరుంటే చాలా పని జరుగుతుంది. ఆ మనిషిని తీసేసి ట్యాబు పెడతామంటే ఒప్పుకోకూడదు.

మూడోది మన దేశంలోనూ, పాకిస్తాన్‌లోనూ కలిపి 10 షుగరు క్లినిక్కుల్లో, 1,146 మంది రోగుల మీద జరిగింది. 2016లో ప్రకటించినారు. ఇక్కడ కంప్యూటరు డాక్టరుకు సలహా ఇచ్చేది. దాంతోపాటు ప్రతిచోటా ఒక సమన్వయకర్తను పెట్టినారు. డాక్టరు కాదు. రోగికి ఫోను చేసేవాళ్లు, రానివాళ్లను పిలిచేవాళ్లు, మందు వేసుకుంటున్నారా అని అడిగేవాళ్లు, డాక్టరుకు గుర్తుచేసేవాళ్లు. షుగరుతో పాటు బీపీ గాని, కొవ్వు గాని అదుపులోకి తెచ్చుకున్నవాళ్లు మామూలు వైద్యంలో నూటికి 8 మంది అయితే, ఈ పద్ధతిలో 18 మంది. రెట్టింపు దాటింది.

మూడూ కలిపి చదవండి. తెర ఒక్కటే ఉంటే గెలవలేదు. తెర, మనిషి, మందు, తలుపు తెరిచిన ఆస్పత్రి కలిసి ఉన్నచోట గెలిచింది. మనకు మాత్రం తెర ఒక్కటే వచ్చింది. ఆ తెరను నడిపే ఆశా అక్కకు జీతమని కాకుండా గౌరవ వేతనం అంటారు. గౌరవంతో ఇల్లు గడవదు. ఆ అక్కల్లో చాలామంది మన ఆడబిడ్డలే.

కులం లేని తెర, కులం ఉన్న చెయ్యి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

షుగరు వైద్య మార్గదర్శకాలన్నీ ఒక మాట చెబుతాయి. ఏడాదికి ఒక్కసారైనా రోగి రెండు పాదాలూ పరీక్ష చేయాల. చెప్పులు విప్పించి, వేళ్ల సందుల్లో చూసి, అరికాలు తడిమి, స్పర్శ ఉందో లేదో, నాడి కొట్టుకుంటోందో లేదో చూడాల. ఆ మాట కింద "రెడ్డి అయితే చూడండి, మాల మాదిగలైతే టిక్కు పెట్టండి" అని ఎక్కడా లేదు. తెరకు కులం లేదు. అమెరికాలో డాక్టరుకు చెప్పేదే ఇడుపులపాయలోనూ చెబుతుంది. నన్నడిగితే ఈ సాధనాల్లో ఉన్న గొప్పతనమంతా ఇక్కడే ఉంది.

కాని పాదాన్ని ముట్టుకోవాల్సింది తెర కాదు, చెయ్యి. ఆ చేతికి కులం ఉంది. వేల ఏండ్లుగా మన నీడ పడితేనే మైలపడ్డ దేశంలో, బురదలో దిగబడి, పగుళ్లు చీలిన కూలామె అరికాలిని ఎవరు ఒళ్లో పెట్టుకుని చూస్తారు? మనల్ని బల్లకు అవతల కూచోబెట్టి మాట్లాడి పంపేస్తే "రద్దీ ఎక్కువ" అంటారు. రద్దీ నిజమే. రద్దీలో మొదట మానుకునే పని ఏది, ఎవరికి మానుకుంటారు అనేది గూడా నిజమే. నేను అడిగిన మావాళ్లలో ఒక్కరు గూడా "డాక్టరు నా కాలు పట్టుకుని చూసినాడు" అని చెప్పలేదు. అంటరానితనం ఇప్పుడు బావి దగ్గర కనపడకపోవచ్చు. "పరిశీలించాము" అనే టిక్కులో దాక్కోగలదు.

మార్గదర్శకాలు ఇంకో మాటా చెబుతాయి. షుగరు ఉన్నోళ్లు ఒట్టి కాళ్లతో నడవగూడదు, మెత్తటి అడుగున్న చెప్పులు వేసుకోవాల. ఊరందరికీ చెప్పులు కుట్టిచ్చినోళ్లం మనం. పెద్దోళ్ల ముందు ఆ చెప్పులు చేతబట్టుకుని నడిచినోళ్లమూ మనమే. మన రాయలసీమ జనం నమ్మకంగా పోయే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ పాల్ బ్రాండ్ అనే ఆయన 1950ల ప్రాంతంలో కుష్ఠు రోగుల కాళ్ల మీద పనిచేసినాడు. స్పర్శ పోయిన పాదానికి పుండు ఎందుకొస్తుందో చూపించినాడు. నొప్పి తెలవకపోవడమే పాదాన్ని తినేస్తుందని చెప్పినాడు. ఆ పని వల్ల వచ్చిన ఎంసీఆర్ రబ్బరు అడుగు చెప్పులే ఇప్పుడు షుగరు రోగులకు రాస్తున్నారు. ఎవరూ ముట్టని పాదాలను ముట్టుకున్నందువల్ల పుట్టిన జ్ఞానం అది. ఆ చెప్పుల జత మందులతో పాటు ఉచితంగా ఎందుకు ఇవ్వరు? కుట్టే పని తోలు పని చేసే మనవాళ్ల సంఘాలకు ఎందుకు ఇవ్వరు?

ఇన్సులిన్ సంగతీ అంతే. ఫ్రిజ్‌లో పెట్టుకోండి అని తెర చెబుతుంది. 1923లో ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లు దాని హక్కును ఒక్కొక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేసినారు, అది లోకానికంతా అందాలని. వందేండ్ల తర్వాత మా వాడలో ఒక అవ్వ దాన్ని గట్టిగా కట్టిన కవరులో పెట్టి, తడిగుడ్డ చుట్టిన కొత్త కుండలో దాచుకుంటోంది. ఫ్రిజ్ లేనిచోట కుండ మంచి ఉపాయమే. ఆ ఉపాయం ఆమెకు పక్కింటామె చెప్పింది. తెర చెప్పలేదు.

బాబాసాహెబ్ పక్కన ఎవరున్నారు?

మన డాక్టర్ అంబేడ్కర్‌కు షుగరు ఉండేదని మనలో ఎంతమందికి తెలుసు? రాజ్యాంగం రాసే రోజుల్లోనే ఆ జబ్బు ఆయన్ను పట్టి పీడించింది. కాళ్ల నొప్పులతో రాత్రులు నిద్ర ఉండేది కాదు. ముంబైలో వైద్యం కోసం పోయినచోట పరిచయమైన డాక్టరును 1948 ఏప్రిల్ 15న పెండ్లి చేసుకున్నారు. ఆమే సవితా అంబేడ్కర్. మందు, పథ్యం, పరీక్షలు అన్నీ ఆమె ఒక్క చేతి మీద నడిచినాయి. ఆ తర్వాత ఎనిమిదేండ్లకు పైగా ఆయన పనిచేసినారు. రాజ్యాంగం, హిందూ కోడ్ బిల్లు, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమందితో బౌద్ధ దీక్ష, చివరికి బుద్ధుడి మీద పుస్తకం. డిసెంబరు 6న నిద్రలోనే పోయినారు.

అంతటి చదువరికే ఈ జబ్బును ఒంటరిగా మోయడం సాధ్యం కాలేదు. పక్కన ఒక తెలిసిన మనిషి కావాల్సి వచ్చింది. సమన్వయం అంటే అదే. అన్ని చీటీలూ, అన్ని పరీక్షలూ, తిండీ నిద్రా కలిపి చూసే ఒక మనిషి. మా పెద్దమ్మకు ఆ మనిషి ఎవరు? ప్రతి ఇంటికీ డాక్టరు దొరకదు. శిక్షణ పొందిన ఆశా అక్క దొరుకుతుంది, ఆమెకు జీతమిచ్చి పనిచేయనిస్తే.

ఏం అడగాల? ఏం చేయాల?

అడగాల్సినవి చెబుతాను. మొదటిది, షుగరు పుస్తకం రోగి చేతిలో ఉండాల, తెలుగులో. ట్యాబులో ఎక్కేదంతా ఆ పుస్తకంలోనూ ఎక్కాల. ఏ మందు, ఎందుకు, ఎంత అనేది దాంట్లో ఉంటే ప్రైవేటు డాక్టరైనా, ఆర్‌ఎంపీ అయినా చూసే రాస్తాడు. మా బావ మాదిరి రెండు మందులు మింగేవాళ్లు తగ్గుతారు.

రెండోది, తెర పిలవడం నేర్చుకోవాల. పంజాబు, మహారాష్ట్రల్లో బీపీ రోగులకు వాడిన 'సింపుల్' అనే యాప్ చెప్పిన తేదీకి రానివాళ్ల జాబితాను నర్సు ముందు పెడుతుంది. ఫోను చేసి పిలవమంటుంది. మన క్లినిక్కుల్లో వచ్చినవాళ్ల లెక్క పైకి పోతోంది. రానివాళ్ల లెక్క ఎవరికి కావాల? మనకు కావాల.

మూడోది, మూడు నెలల సగటు షుగరు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, కంటి వెనుక పొర పరీక్ష ఊరికి దగ్గర్లో ఉచితంగా జరగాల. ఒక్క పొద్దు పరగడుపు షుగరు చూసి పచ్చరంగు వేయగూడదు. పరీక్ష రోజుకు ముందు రెండు రోజులు పస్తుంటే ఎవరికైనా తగ్గుతుంది. మనోళ్లకు పస్తు అలవాటే.

నాలుగోది, పాదం పరీక్ష చేసినట్టు రోగి చేత కూడా ఒప్పించుకోవాల. చేసినామని చెయ్యని చెయ్యి ఒక్కటే రాసే పద్ధతి పోవాల.

ఐదోది ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి. 2008లో పెట్టిన ఆ కళాశాలలో పల్లెటూరి సర్కారు బళ్ల పిల్లలే ఎక్కువ. మన వాడల బిడ్డలూ ఉన్నారు. కొండ మీది నుంచి చూస్తే మీ హాస్టలు లైట్లు మాకు కనపడతాయి. ఆ ఇంగ్లీషు పటాలను మా పెద్దమ్మకు తెలుగులో చదివి వినిపించే పని మీకు పెద్ద కష్టం కాదు. అమెరికా కంపెనీకి రాసే లెక్కలో సగం శ్రమ చాలు. మీ అమ్మల కోసం చేయండి.

ఇవన్నీ వచ్చేదాకా ఊరకే కూచోవాల్నా? అక్కర్లేదు. ఇంగ్లండులో ఇప్స్‌విచ్ అనే ఊరి ఆస్పత్రి డాక్టర్లు ఒక పరీక్ష కనిపెట్టినారు. దానికి యంత్రం లేదు, ఖర్చు లేదు. మనిషిని కూచోబెట్టి కండ్లు మూసుకోమనాల. చూపుడు వేలితో కాలి బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొనలను ఒక్కొక్కటిగా, రెండు కాళ్లకూ, మెల్లగా ఒక క్షణం రెండు క్షణాలు ముట్టాల. నొక్కగూడదు, గోకగూడదు. తెలిసినప్పుడు చెప్పమనాల. ఆరింటిలో రెండు గాని, అంతకన్నా ఎక్కువ గాని తెలవకపోతే ఆ పాదం ప్రమాదంలో ఉన్నట్టు. డాక్టరుకు చూపించాల, రోజూ కాలు చూసుకోవాల, ఒట్టి కాళ్లతో నడవగూడదు. అంతే పరీక్ష. దాని పేరే స్పర్శ పరీక్ష.

స్పర్శ! ఈ దేశం మనకు నిరాకరించింది దాన్నే గదా.

తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక గంటలో నేర్పినాను. పోయిన డిసెంబరు 6న మా వాడ అంబేడ్కర్ భవనంలో దండ వేసి, ఉపన్యాసాలు తగ్గించి, బెంచీలు వేసినాం. పిల్లలు పెద్దోళ్ల కాళ్లు కడిగి, తుడిచి, ముట్టి చూసి, నోటుపుస్తకంలో రాసినారు. ఆ పుస్తకం తీసుకుని ఆశా అక్కతో కలిసి క్లినిక్కుకు పోయినాం. "వీళ్ల కాళ్లు చూడండి" అని పేర్లు చదివినాం. చూసినారు. చూడక తప్పలేదు. తెరలో ఏముందో మాకు తెలిసిందని వాళ్లకు తెలిసింది గదా.

మా పెద్దమ్మ ఆ రోజు మొదటి బెంచీలో కూచుంది. ఒక పిల్ల ఆమె ఎడమకాలు తన మోకాలి మీద పెట్టుకుని వేళ్లు ముట్టింది. "తెలిసిందా అవ్వా?" అనడిగింది. పెద్దమ్మ కండ్లు మూసుకునే, "బొటనేలు తెలవలేదు గాని, నువ్వు పట్టుకునింది తెలిసింది పాపా" అనింది.

వచ్చే ఏప్రిల్ 14న మీ వాడలోనూ బెంచీలు వేయండి. నోటుపుస్తకం మరవొద్దు.